దిగేటప్పుడు కాలిన వాసన ఎందుకొస్తుందని అడిగితే నవ్వాల్సిన పనేముంది?

కొత్తస్టీరింగ్
లైసెన్సు వచ్చి నాలుగు నెలలైంది. మూడు వారాల కింద సెకండ్‌హ్యాండ్‌లో చిన్న పెట్రోల్ కారు తీసుకున్నా. అలిపిరి కాడ పూజ చేయించి, అమ్మానాయన్ని ఎక్కించుకొని తిరుమల కొండకు పోయినా. ఎక్కేటప్పుడు ఏం ఇబ్బంది లేదు. దిగేటప్పుడు సగం దారి దాటినాక ముందు చక్రాల కాడ నుంచి ఏదో కాలిన వాసన. అమ్మ భయపడిపోయింది. పక్కన ఆపి కొంచేపుండి మెల్లగా దిగొచ్చేసినాం.

మొన్న ఆదివారం పొద్దున బైపాస్ పక్కన టీ అంగడి కాడ కార్ల పిచ్చోళ్ళంతా కలుస్తారని తెలిసి పోయినా. పదేళ్ళు, పదిహేనేళ్ళ నుంచి నడిపేవాళ్ళు. వాళ్ళ బండ్లు చూస్తేనే కడుపు నిండిపోయింది. ధైర్యం చేసి వాసన సంగతి అడిగినా. ఒకాయన "ఏ గేర్లో దిగినావు?" అన్నాడు. "నాలుగులో" అన్నా. అంతే, అందురూ నవ్వినారు. ఇంకొకాయన "ఈసారి బస్సులో పోయి దండం పెట్టుకో నైనా, స్వామి ఏమీ అనుకోడు" అన్నాడు. మళ్ళా నవ్వినారు. వాసన ఎందుకొచ్చిందో మాత్రం ఎవురూ చెప్పలా. టీ కూడా తాగకుండా వచ్చేసినా.

తెలీకనే కదా అడిగింది. తెలిసినోళ్ళు చెప్పకపోతే ఎవురిని అడగాల?

రేణిగుంట_రన్నర్
వదిలెయ్ బ్రో. గుంపులో ఉంటే ఎవురికైనా నవ్వొస్తుంది. విడిగా అడిగుంటే అందురూ మంచోళ్ళే.

రెండోగేర్
విడిగా మంచోళ్ళయితే గుంపులో ఎందుకు కాకూడదు? బ్రేకుల కాడ వాసన వచ్చిందని చెప్పిన పిల్లాణ్ణి వట్టి చేతుల్తో పంపించినారు. రేపు మళ్ళీ అమ్మానాయన్ని ఎక్కించుకొని అదే నాలుగో గేర్లో దిగుతాడు. అప్పుడు?

డీజిల్‌మామ
రెండో పక్క కూడా చెప్పనీండి. నేను ఆ టీ అంగడి గుంపులో లేను కానీ అట్లాంటి గుంపుల్లో 22 ఏళ్ళుగా ఉండా. అర్ధరాత్రి మామండూరు అడవిలో ఎవురిదో బండి ఆగిపోయిందంటే తాడు వేసుకొని పోయేది ఆ మనుషులే. ఒక్క పైసా తీసుకోరు.

"పది లక్షల్లో ఏ కారు కొనాల?" అని వారానికి నలుగురు అడుగుతారు. ఇంట్లో ఎంతమంది, రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఊర్లోనా హైవేలోనా, ఏమీ చెప్పరు. పోయినేడు ఒకాయనకు రెండు గంటలు కూర్చోని విడమరచి చెప్పినా. రోజుకు 12 కిలోమీటర్లు ఊర్లోనే తిరిగేవాడికి బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ బండి వద్దు, సైలెన్సర్ దారిలో ఉండే ఫిల్టరులో మసి పేరుకుంటుంది, అది కాలిపోవాలంటే బండి ఒక తీరుగా హైవేలో కొంతసేపు పోవాల అని. అంతా విని, తలూపి, డీజిలే కొన్నాడు. మూడు నెలలకు ఫిల్టరు లైటు వెలిగిందని మళ్ళా నాకే ఫోను. కోపం రాదా? అడిగేవాడికీ ఒక బాధ్యత ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకం ఒక్కసారన్నా తిప్పి చూడాల.

చిత్తూరు_షెడ్డు
మామ చెప్పేది నిజమే. కానీ తగాదా తర్వాత పెట్టుకుందాం, ముందు పిల్లోడికి జవాబు పడనీండి.

తమ్ముడూ, నాలుగో గేర్లో దిగితే ఇంజన్ బండిని అంతగా పట్టుకోదు. బరువంతా బ్రేకుల మీదే. పెడల్ మీద కాలు ఆనించుకొనే దిగితే చక్రంతో తిరిగే డిస్కులు, వాటిని నొక్కి ఆపే ప్యాడ్లు విపరీతంగా వేడెక్కుతాయి. నీకొచ్చిన వాసన అదే. ఇంకా కొంచేపు అట్నే దిగుంటే ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు ఎక్కేది. ఆ ఆయిల్‌కు గాల్లో తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదయితే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టినాక 155 కాడే మరగొచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్ నొక్కితే నొక్కుకోదు, అందుకే బ్రేకు పడుతుంది. ఆవిరి నొక్కుకుంటుంది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు.

రెండో గేర్లో దిగు. స్పీడు పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా తొక్కి తగ్గించి, కాలు పూర్తిగా తీసెయ్. వాసనొస్తే ఆపి చల్లారనీ. చక్రాల మీద నీళ్ళు పొయ్యొద్దు, కాలే డిస్కు మీద నీళ్ళు పడితే వంకర పోవచ్చు. సెకండ్‌హ్యాండ్ బండి కాబట్టి పాత ఓనరు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చినాడో తెలీదు. మళ్ళా కొండకు పోయేలోపల మార్పించు.

ఇంక మామకు. వివరాలు చెప్పరు అంటా ఉండారు. పుత్తూరుకు కట్టు కట్టించుకునేదానికి పోతే మనం "నొప్పి" అంటాం, అంతే. ఏ ఎముక, ఎట్లా విరిగింది అనేది వాళ్ళే చేత్తో తడిమి కనుక్కుంటారు. షెడ్డుకొచ్చేవాడూ అంతే. ఏ వివరం చెప్పాలో తెలిసినోడికి జవాబు కూడా సగం తెలిసినట్టే లెక్క. ఆ టీ అంగడి కాడ "ఏ గేరు?" అని అడిగినాయన సరైన ప్రశ్నే అడిగినాడు. "నాలుగు" అని వినినాక "ఈసారి రెండులో దిగు" అని ఇంకో నాలుగు మాటలు చెప్పుంటే అయిపోయేది.

పీలేరు_పిల్లగాడు
పుత్తూరు కట్టు పోలిక అదిరింది అన్నా. బ్రేకులు పట్టకపోతే నేరుగా అక్కడికే పోవాల కూడా.

కొత్తస్టీరింగ్
షెడ్డు అన్నా, ఇంత వివరంగా ఎవురూ చెప్పలా. ఒక్క అనుమానం. రెండో గేర్లో ఇంజన్ గట్టిగా అరుస్తుంది. అది చెడిపోతుందేమో అనే నాలుగులో వేసినా. అరిస్తే పర్వాలేదా?

చిత్తూరు_షెడ్డు
మీటర్లో ముల్లు ఎర్ర గీతకు దూరంగా ఉన్నంతసేపు ఏం కాదు. ఆ అరుపే బండిని పట్టుకుంటా ఉండేది. మరీ పైకి పోతుందనిపిస్తే బ్రేకు తొక్కి స్పీడు తగ్గించు.

రెండోగేర్
చూసినారా మామా? ఆ పిల్లాడు పొగరుతోనో సోమరితనంతోనో నాలుగులో వెయ్యలేదు. ఇంజన్‌ను కాపాడుదామనుకున్నాడు. ఎందుకు వేసినావని ఎవరన్నా అడిగుంటే అక్కడే తేలిపోయేది.

రేణిగుంట_రన్నర్
నేనైతే వాలులో న్యూట్రల్ చేసేస్తా. ఇంజన్ అరవదు, పెట్రోలూ మిగుల్తుంది. మా బావ నేర్పినాడు, ఏడేళ్ళుగా ఇట్నే దిగతా ఉండా.

చిత్తూరు_షెడ్డు
వద్దు. ఈ మాట చదివి ఎవురూ అట్లా చెయ్యొద్దు. న్యూట్రల్‌లో ఇంజన్ పట్టు పూర్తిగా పోతుంది, బరువు మొత్తం బ్రేకులదే. పెట్రోల్ కూడా మిగలదు. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో గేర్లో ఉండి యాక్సిలేటర్ వదిలేస్తే కంప్యూటరే పెట్రోల్ ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగకుండా ఉండేదానికి తాగతానే ఉంటుంది. కొంతమంది ఇంజనే ఆఫ్ చేస్తారు, అది ఇంకా ఘోరం. బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్ళకే అయిపోతుంది, తర్వాత రాయి తొక్కినట్టుంటుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంది.

రేణిగుంట_రన్నర్
అవునా? పెట్రోల్ ఆగిపోతుందని నిజంగా తెలీదు అన్నా. మా బావది కార్బొరేటర్ బండి, అప్పటి లెక్క అయ్యుంటుంది.

డీజిల్‌మామ
కార్బొరేటర్ బండికైనా ఘాట్‌లో న్యూట్రల్ తప్పే.

ఒక మాట గమనించండి. షెడ్డు ఇప్పుడు "వద్దు" అని ఒక్క దెబ్బతో కొట్టినాడు. ఎవురికీ కష్టం కలగలా. కొత్తోళ్ళతో మెత్తగా ఉండాలంటే తప్పును తప్పు అనకూడదని కాదు. బ్రేకుల విషయంలో మొహమాటం పనికిరాదు.

రెండోగేర్
ఆ మాట నేనూ ఒప్పుకుంటా. గట్టిగా చెప్పడం వేరు, మనిషిని చూసి నవ్వడం వేరు.

పలమనేరు_పెట్రోల్
నా కథ వినండి. ఏడేళ్ళ కింద, మొదటి కారు. టైర్లో గాలి ఎంత పట్టాలో తెలీదు. పెట్రోల్ బంకులో గాలి పట్టే పిల్లోడు "ఎంత?" అన్నాడు. వెనకాల నాలుగు బండ్లు హారన్ కొడతా ఉండాయి. టైరు పక్కన అచ్చు వేసింది చూసి 44 అన్నా. పట్టేసినాడు. ఆఫీసులో కార్ల గురించి గంటలు గంటలు మాట్లాడే ఇద్దరు సీనియర్లు ఉండారు, వాళ్ళను అడగాలంటే సిగ్గు. అంతకు ముందు వారమే ఒకరు పవర్ స్టీరింగ్ అంటే ఏందని అడిగితే వాళ్ళు సాయంత్రం దాకా ఆటపట్టించినారు.

ఆ వారంలోనే వానలో పోతా మొగిలి ఘాట్‌లో బ్రేకు తొక్కినా. బండి జారి అడ్డం తిరిగింది. వెనక లారీ దూరంగా ఉంది కాబట్టి బతికినాం. భార్య, ఏడాది బిడ్డ లోపల ఉండారు. తర్వాత తెలిసింది ఏమంటే, టైరు మీద ఉండే అంకె అది తట్టుకోగల గరిష్ఠం, మనం పట్టాల్సింది కాదు. పట్టాల్సింది డ్రైవరు డోరు తెరిస్తే పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. నా బండికి 33. గాలి ఎక్కువైతే టైరు ఉబ్బి నేలకు ఆనేది తగ్గిపోతుంది, వానలో పట్టు ఉండదు.

అడగడానికి సిగ్గుపడింది నేనే. కాదనను. ఆ సిగ్గు ఎక్కడ నుంచి వచ్చిందో కూడా నాకు తెలుసు.

పీలేరు_పిల్లగాడు
డోరు కాడ స్టిక్కరు ఉంటుందని ఇప్పుడే చూసొచ్చినా. ఉంది! రెండేళ్ళుగా ఆ డోరు తీస్తా మూస్తా ఉండా.

డీజిల్‌మామ
చల్లగా ఉన్నప్పుడే పట్టించు. హైవేలో 50 కిలోమీటర్లు పోయొచ్చి కొలిస్తే వేడికి నాలుగైదు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసెయ్యొద్దు.

కరకంబాడి_12వోల్ట్
దేశమంతా పోయే కారు బ్యాటరీలు మా కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీలో తయారవుతాయి. మా వీధిలో సగం ఇళ్ళల్లో ఆ పనోళ్ళే. అయినా మా పక్కింటాయన బ్యాటరీ మార్చుకుంటా "ఏ వైరు ముందు తియ్యాల?" అని అడిగితే ఒకడు "ఏదైనా ఒకటే, ఇది కూడా అడగాల్నా" అన్నాడు. ఒకటే కాదు. ముందు నెగటివ్. ఎందుకంటే బండి బాడీ మొత్తం నెగటివ్‌కే కలిపి ఉంటుంది. పాజిటివ్ ముందు విప్పేటప్పుడు స్పానరు బాడీకి తగిలితే నేరుగా షార్టే, స్పానరు ఎర్రగా కాలుతుంది. బిగించేటప్పుడు నెగటివ్ చివర. చిన్న ప్రశ్న అని తోసేసినోడికే కారణం తెలీదు. నవ్వేవాళ్ళలో చాలామంది కథ ఇంతే.

రెండోగేర్
నేను 41వ ఏట కారు నేర్చుకున్నా. బాలాజీ కాలనీ నుంచి స్కూలుకు పోవాలి, బస్సు టైము కలవదు. క్లచ్ పెడల్ చాలా పైకి వచ్చినాక గానీ బండి కదలడం లేదని ఒక షెడ్డుకు తీసుకుపోయినా. అక్కడాయన నా మాట విని, జవాబు మాత్రం పక్కన నిలబడిన మా అబ్బాయికి చెప్పినాడు. వాడికి 15 ఏళ్ళు, సైకిలు తప్ప ఏదీ తొక్కలేదు. నేను మళ్ళీ అడిగితే "సార్‌కు ఫోన్ చెయ్యండి మేడం, ఆయనకు చెప్తా" అన్నాడు. సార్‌కు కారే రాదు.

ఇంటికొచ్చి పుస్తకం తీసి చదువుకున్నా. క్లచ్ ప్లేటు అరిగితే పట్టు అంత పైన దొరుకుతుందని, ఎడమ కాలు పెడల్ మీదే ఆనించుకొని నడపడం వల్ల తొందరగా అరుగుతుందని అక్కడే తెలిసింది. తప్పు నాదే. కానీ ఆ ముక్క ఆయన చెప్పుంటే నా అలవాటు ఆరోజే మారేది. అప్పటి నుంచి మా స్కూల్లో ఎవరు కారు నేర్చుకుంటున్నా మొదటి పది రోజులు పక్క సీట్లో నేనే కూర్చుంటా. ఇప్పటికి ఐదుగురు.

రిటైర్డ్_ఆర్టీసీ
నేను 31 ఏండ్లు ఆర్టీసీ స్టీరింగ్ పట్టినా, అందులో 14 ఏండ్లు కొండకే. ఫోన్లో టైపు చేసేది నిదానం, తప్పులుంటే సర్దుకోండి.

నన్ను ఘాట్‌కు వేసినప్పుడు ఒక పెద్దాయన నేర్పించినాడు. ఆయన కాలంలో 1944లో వేసిన మొదటి ఘాట్ ఒక్కటే, అదే దారిలో ఎక్కేది, అదే దారిలో దిగేది. ఎదురు బస్సు వస్తే మలుపులో ఒకరు ఆగాల్సిందే. అంత చూసిన మనిషిని నేను ఏమేం అడిగినానో. మలుపుకు ముందే గేరు మార్చాల్నా, మలుపులోనా? పొగమంచులో పెద్ద లైటా, చిన్న లైటా? ఒకే మాట మూడు రోజులు మూడుసార్లు అడిగినా. ఆయన ఒక్కనాడూ నవ్వలా. మంచితనం కూడా కాదు అది, కోపం బాగానే ఉండేది. వెనకాల యాభై మంది కూర్చోని ఉంటారు గదా. "నువ్వు అడిగితే నాకు నిద్ర పడుతుంది రా, అడక్కుండా తలూపితేనే పట్టదు" అనేటోడు.

ఒకనాడు నా ఎడమ చెయ్యి పట్టుకొని గేరు రాడ్డు మీద పెట్టి, పైన తన చెయ్యి పెట్టి అలిపిరి దాకా తియ్యనీలా. ఇంజన్ బండిని పట్టుకున్నప్పుడు ఆ రాడ్డు ఎట్లా అదురుతుందో చేతికి తెలియాలని. ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగు అనే మాట అందురూ చెప్తారు. చేతికి చెప్పింది ఆయనొక్కడే.

కారు అబ్బోడా, దిగేటప్పుడు తొందర పడొద్దు. టోల్‌గేటు స్లిప్పు మీద టైము వేస్తారు గదా. ఎక్కేదానికి 28 నిమిషాలు, దిగేదానికి 40. దిగేదానికి ఎక్కువ ఎందుకు పెట్టినారో ఆలోచించు.

కొత్తస్టీరింగ్
పెద్దాయనా, ఎక్కేదానికంటే దిగేదానికి ఎక్కువ టైము ఎందుకని నిజంగానే ఆలోచించలా. 40 నిమిషాలు కావాల కదా అని కింద టోల్‌గేటుకు ముందు బండి ఆపుకొని కూర్చున్నా ఆరోజు. అంటే అంత వేగంగా దిగినా అన్నమాట.

రిటైర్డ్_ఆర్టీసీ
అదే. ఆపుకొని కూర్చున్న ఆ నిమిషాలు మలుపుల్లో ఖర్చు పెట్టాల్సినవి.

పీలేరు_పిల్లగాడు
ఇంకో రకం సీనియర్లు ఉంటారు. నవ్వరు, కానీ ముంచుతారు. నేను బ్రేకులు కీచుమంటా ఉండాయని అడిగితే ఒకాయన రేసు బండ్ల ప్యాడ్లు వేయించుకో అని అరగంట చెప్పినాడు. చివరికి చూస్తే ప్యాడు మీద ఇసుక, దుమ్ము. తుడిస్తే పోయింది.

చిత్తూరు_షెడ్డు
రేసు ప్యాడ్లు బాగా వేడెక్కితే గానీ సరిగ్గా పట్టవు. పొద్దున్నే ఇంటి నుంచి తీసి వీధి చివర తొక్కితే మామూలు వాటికంటే అధ్వానం. మనకు తెలిసిందంతా చెప్పాలని నోరు దురద పెడుతుంది, నాకూ ఉంది ఆ జబ్బు. అడిగినోడికి కావాల్సింది ఒక్కటే చెప్పి, "ఇంకేమన్నా ఉందా?" అని ఆగాల.

డీజిల్‌మామ
అన్నీ చదివినా. నా మాట కొంచెం మార్చుకుంటా, మొత్తం కాదు. ఓపిక ఉంటే చెప్పాల, లేకపోతే "నాకు ఇప్పుడు తీరదు, ఫలానా ఆయన్ని అడుగు" అని పంపాల. నవ్వడం వద్దు. పలమనేరు ఆయన బండి అడ్డం తిరిగిన సంగతి చదివి రాత్రి చాలాసేపు అదే తలుచుకుంటా ఉండిపోయినా. నేను ఎవురెవురిని చూసి నవ్వినానో కొందరు గుర్తుకొచ్చినారు.

కానీ కొత్తోళ్ళు కూడా ఒకటి చెయ్యాల. జవాబు తీసుకొని మాయమైపోతారు. చెప్పింది పని చేసిందా లేదా అని వచ్చి చెప్పండి. తప్పయితే మేమూ నేర్చుకుంటాం. 22 ఏళ్ళలో అట్లా తిరిగొచ్చి చెప్పినోళ్ళు పది మంది ఉంటారేమో.

రెండోగేర్
ఇది న్యాయమైన మాట మామా.

కొత్తస్టీరింగ్
మామ అడిగినారు కాబట్టి తిరిగొచ్చినా. శుక్రవారం కొర్లగుంటలో మా ఇంటి దగ్గర షెడ్డులో బ్రేక్ ఆయిల్ మార్పించినా. బయటికి తీసింది డికాషన్ రంగులో ఉంది. కొత్తది లేత తేనె రంగు. ముందు ప్యాడ్లు కూడా పలచబడిపోయినాయి, అవీ వేసినారు. నిన్న తెల్లవారుజామున ఒక్కణ్ణే పోయొచ్చినా. రెండో గేరు, పెద్దాయన చెప్పినట్టు చెయ్యి రాడ్డు మీద పెట్టి చూసినా, అదురు తెలిసింది. వాసన రాలా. కింద టోల్‌గేటుకు వచ్చేసరికి 46 నిమిషాలు. వచ్చే శనివారం అమ్మను తీసుకుపోతా, ఇంకా ఒప్పుకోలా అనుకోండి.

పీలేరు_పిల్లగాడు
డికాషన్ రంగా! ఆ టీ అంగడిలో తాగకుండా వచ్చిన టీ బాకీ బ్రేక్ డబ్బాలో తీరింది.

డీజిల్‌మామ
పదకొండో మనిషి. సంతోషం అబ్బోడా. పాత ప్యాడ్లు ఉంటే ఫోటో పెట్టు, రెండూ సమానంగా అరిగినాయా ఒకటే అరిగిందా చూడాల. ఒకటే అరిగుంటే ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ జరిగే పిన్నులు బిగుసుకొని ఉండొచ్చు.

కొత్తస్టీరింగ్
షెడ్డులోనే వదిలేసినా మామా. పొద్దున పోయి తెస్తా.

రిటైర్డ్_ఆర్టీసీ
నాకూ ఒక సంగతి తెలియాల. మా మనవడు ఆటోమేటిక్ కారు కొన్నాడు. వచ్చే వారం నన్నే కొండకు నడపమంటాడు. దాంట్లో క్లచ్ లేదు, గేర్లు అదే మార్చుకుంటుంది. దిగేటప్పుడు రెండో గేర్లోనే ఉండమని దానికి ఎట్లా చెప్పాల?

కొత్తస్టీరింగ్
పెద్దాయనా, గేరు లీవర్ పక్కన ఏం అక్షరాలు ఉండాయి?

రిటైర్డ్_ఆర్టీసీ
ఆర్, ఎన్, డి. డి పక్కన ఎం అని ఉంది, దానికి పైన ప్లస్సు, కింద మైనస్సు.

రెండోగేర్
మా స్కూల్లో ఒక టీచరుది అదే రకం. డి నుంచి లీవర్‌ను ఎం వైపుకు జరపండి. అప్పుడు గేరు మీ చేతికొస్తుంది. మైనస్సు వైపు నొక్కితే ఒక గేరు తగ్గుతుంది, ముందర మీటర్లో 2 అని కనపడేదాకా నొక్కండి. మీరు మార్చేదాకా అది దానంతట పై గేరుకు పోకుండా ఉంటుంది, ఎర్ర గీత కాడికి వస్తే తప్ప. ఘాట్ ఎక్కేముందు బైపాస్‌లో ఖాళీగా ఉన్నప్పుడు రెండుసార్లు మార్చి చూసుకోండి. ఆదివారం పొద్దున నేను ఖాళీనే, కావాలంటే పక్కన కూర్చుంటా.

రిటైర్డ్_ఆర్టీసీ
ఆరున్నరకు వస్తా అమ్మా. మనవణ్ణి వెనక సీట్లో కూర్చోబెడతా, వాడూ వినాల.